మామూలుగా లేని కిడ్నీలో రాయి ఉందా? చిన్న కోత ఆపరేషన్‌కి ఇలా సిద్ధం కండి

స్కానింగ్ రిపోర్టు చేతికి రాగానే ఎవరైనా ముందు వెతికేది రాయి ఎన్ని మిల్లీమీటర్లు ఉందనే. ఆ అంకె పక్కనే ‘హార్స్‌షూ కిడ్నీ’ అనో, ‘ఎక్టోపిక్ కిడ్నీ’ (ఉండాల్సిన చోట లేని కిడ్నీ) అనో, ‘మాల్‌రొటేటెడ్’ అనో ఉంటే దాన్ని దాటేసి చదువుతాం. మీ విషయంలో ఆ మాటే ముఖ్యం. రాయిని పగలగొట్టడానికి ఇవాళ లేజర్లున్నాయి, షాక్ వేవ్ యంత్రాలున్నాయి. ఇలాంటి కిడ్నీలో అసలు చిక్కు వేరే ఉంది: రాయి దాకా ఏ దారిన వెళ్ళాలి, పగిలిన ముక్కలు ఏ దారిన బయటికి రావాలి? ఈ రెండూ తేలకుండా ‘లేజరా, హోల్ వేసి తీస్తారా’ అని చర్చించడం తొందరపాటే అవుతుంది.

ఒక్క విషయం మాత్రం అన్నిటికంటే ముందు. నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం బాగా తగ్గిపోయినా ఇది చదువుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. రాయి అడ్డుపడి, వెనక నిలిచిన మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరితే అది గంటల్లో రక్తానికి పాకవచ్చు. అలాంటప్పుడు డాక్టర్లు రాయి జోలికి పోరు. కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా లోపల స్టెంట్ అనే సన్నటి గొట్టం వేసో, వీపులోంచి సన్నటి ట్యూబ్ పెట్టో ముందు మూత్రానికి దారి చేస్తారు. ఇన్ఫెక్షన్ తగ్గాకే రాయి సంగతి. ‘రాయి తీయకుండా ట్యూబ్ పెట్టి పంపించేశారు’ అని ఇంట్లో వాళ్ళు విసుక్కుంటారు గానీ, ప్రాణం కాపాడేది ఆ ట్యూబే.

మీ కిడ్నీ ఏ రకమో కనుక్కోండి

తల్లి కడుపులో కిడ్నీలు మొదట పొత్తికడుపు అడుగున తయారవుతాయి. తొమ్మిదో వారం నాటికి పైకి జరిగి, జరుగుతూనే లోపలివైపుకి తిరిగి, పక్కటెముకల కింద తమ చోటికి చేరతాయి. ఈ ప్రయాణంలో ఎక్కడ తేడా వచ్చిందన్నదాన్ని బట్టే చాలా రకాలు.

ఎక్కువగా కనిపించేది హార్స్‌షూ కిడ్నీ. రెండు కిడ్నీల కింది కొనలు వెన్నెముక ముందు ఒకదానికొకటి అతుక్కుని గుర్రపు నాడా ఆకారంలో ఉంటాయి. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది, మగవాళ్ళలో ఎక్కువ. పైకి జరిగే దారిలో పెద్దపేగుకి రక్తం తీసుకెళ్ళే ఒక ధమని ఈ అతుకుకి అడ్డొస్తుంది. అందుకే ఈ కిడ్నీలు ఉండాల్సిన చోటు కంటే కిందే ఆగిపోతాయి. అసలు పైకే జరగకుండా పొత్తికడుపులోనే ఉండిపోయింది పెల్విక్ కిడ్నీ. ఒక కిడ్నీ అవతలి పక్కకి దాటి రెండోదానితో కలిసిపోతే క్రాస్‌డ్ ఫ్యూజ్‌డ్ ఎక్టోపియా అంటారు. చోటు సరిగ్గానే ఉన్నా, తిరగాల్సినంత తిరగకపోతే మాల్‌రొటేషన్. ఒకే కిడ్నీలో మూత్రం చేరే ఏర్పాట్లు రెండుంటే డూప్లెక్స్.

ఇవి పుట్టుకతో వచ్చిన తేడాలు. చాలామందికి వీటివల్ల ఏ ఇబ్బందీ ఉండదు, జీవితాంతం తెలియకుండానే గడిచిపోతుంది కూడా. అయితే రాళ్ళు ఏర్పడే అవకాశం మామూలు కిడ్నీ కంటే ఎక్కువ. హార్స్‌షూ కిడ్నీలో మూత్రం చేరే సంచి లోపలివైపుకి కాకుండా ముందుకి తిరిగి ఉంటుంది. మూత్రనాళం (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్ళే గొట్టం) ఆ సంచికి బాగా పైన అతుక్కుని, అతుకు మీదుగా వంగి కిందికి దిగుతుంది. తూము అడుగున కాకుండా గోడ మీద ఎత్తుగా పెట్టిన తొట్టిలో కొన్ని నీళ్ళు ఎప్పుడూ నిలిచే ఉంటాయి కదా, ఇక్కడా అంతే. నిలిచిన మూత్రంలో ఉప్పులు పేరుకుంటాయి, ఇన్ఫెక్షన్లూ సులువుగా వస్తాయి. ఆకారం ఒక్కటే కారణం అనుకోకండి. కాల్షియం, ఆక్సలేట్, యూరిక్ యాసిడ్ ఎక్కువగా పోవడం, రాయి కట్టకుండా ఆపే సిట్రేట్ తక్కువ కావడం లాంటి రసాయన తేడాలు వీళ్ళలోనూ ఉంటాయి. ఆ తేడాల సంగతి ఆపరేషన్ తర్వాత చూస్తారు.

నొప్పి వచ్చే చోటు కూడా మారుతుందని గుర్తుంచుకోండి. పెల్విక్ కిడ్నీలో రాయి ఉంటే నడుం పక్కన కాకుండా పొత్తికడుపులో నొప్పి వస్తుంది. దాన్ని అపెండిక్స్ అనో, ఆడవాళ్ళలో అండాశయం సమస్య అనో అనుకోవడం మామూలే. అల్ట్రాసౌండ్‌లో ‘ఎడమ కిడ్నీ కనపడలేదు’ అని రాస్తే అది లేనట్టే అనుకోకండి, ఇంకోచోట ఉందేమో చూడమనండి.

సరైన స్కాన్ చేయించుకోండి

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. అల్ట్రాసౌండ్ ఒక్కటీ చూసి ఆపరేషన్‌కి డేట్ ఇస్తుంటే ఆగి అడగండి.

ముందు కాంట్రాస్ట్ మందు (స్కాన్‌లో నాళాలు స్పష్టంగా కనపడటానికి ఇచ్చేది) ఎక్కించకుండా తీసే సీటీ కావాలి. రాయి ఎంత ఉంది, ఎన్ని ఉన్నాయి, కిడ్నీ లోపల మూత్రం చేరే ఏ గదిలో ఉన్నాయి అన్నది దీనిలో తెలుస్తుంది. రాయి గట్టిదనం కూడా హెచ్‌యూ అనే అంకెలో వస్తుంది. 1000 దాటితే గట్టి రాయి, షాక్ వేవ్‌లకి సరిగ్గా పగలకపోవచ్చు. 500 కంటే తక్కువుంటే యూరిక్ యాసిడ్ రాయి కావచ్చు, అది మూత్రంలోని ఆమ్లత్వాన్ని తగ్గించే మందులతో కరిగే రకం. ఆపరేషన్ దాకా వెళ్ళకముందే మందులతో ప్రయత్నించవచ్చా అని అడగడం మీ హక్కు.

తర్వాత, కిడ్నీ పనితీరు బాగుంటే, కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే సీటీ యూరోగ్రామ్. మీకు అసలైన మ్యాప్ ఇదే. మూత్రనాళం ఎక్కడ అతుక్కుంది, ఎక్కడ వంగింది, రక్తనాళాలు ఎటునుంచి వస్తున్నాయి, పెద్దపేగు కిడ్నీ వెనక్కి వచ్చి కూర్చుందా అన్నది ఇందులో తేలుతుంది. మామూలు కిడ్నీకి సాధారణంగా ఒక ధమని ఉంటుంది. ఇలాంటి కిడ్నీలకి రెండు, మూడు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, అనుకోని చోట్ల నుంచి వస్తాయి. వీపులోంచి రంధ్రం చేయాలనుకున్నప్పుడు పేగు వెనకగా ఉందో లేదో తెలియకపోతే సూది దాన్ని తాకే ప్రమాదం ఉంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎక్కువుంటే ఈ మందు విషయంలో డాక్టర్ జాగ్రత్తపడతారు. మీకు షుగర్ ఉండి మెట్‌ఫార్మిన్ వాడుతున్నా, గతంలో ఇలాంటి మందు పడకపోయినా ముందే చెప్పండి.

కిడ్నీ ఉబ్బి ఉందని రిపోర్టులో ఉంటే ఇంకో పరీక్ష తప్పదు. డీటీపీఏ, మ్యాగ్-3 లాంటి రీనల్ స్కాన్. ఈ కిడ్నీలు కొన్ని పుట్టుకతోనే కొంచెం ఉబ్బి కనిపిస్తాయి, అంతమాత్రాన నిజంగా అడ్డు ఉన్నట్టు కాదు. ఇంకొన్నిట్లో సంచికి, మూత్రనాళానికి మధ్య జంక్షన్ ఇరుకుగా ఉంటుంది. దాన్ని పీయూజే అడ్డంకి అంటారు. హార్స్‌షూ కిడ్నీ ఉన్నవాళ్ళలో సుమారు మూడో వంతు మందిలో దీన్ని చూస్తారు. ఈ తేడా తెలియకుండా రాయి మాత్రం తీసేస్తే అదే చోట మళ్ళీ రాయి వస్తుంది. రెండో కిడ్నీ ఉందా, ఎంత శాతం పని చేస్తోందన్నదీ ఈ స్కానే చెబుతుంది.

ఫిల్ములతో సరిపెట్టుకోకుండా సీడీ అడిగి తీసుకోండి. ఇంకో డాక్టర్‌ని అడగాలంటే రిపోర్టు కాగితం సరిపోదు, బొమ్మలన్నీ తిప్పి చూడాలి.

ఇప్పుడే తీయాలా అని అడగండి

చిన్న రాయి, నొప్పి లేదు, అడ్డు లేదు, ఇన్ఫెక్షన్ లేదు, కిడ్నీ బాగానే పని చేస్తోంది అంటే గమనిస్తూ ఉండొచ్చు. ఏడాదికోసారి స్కాన్ చాలు. రాయి పెరుగుతున్నా, నొప్పి తరచుగా వస్తున్నా, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తున్నా, ఉన్నది ఒక్క కిడ్నీయే అయినా తీయించుకోవడమే మంచిది. ‘నీళ్ళు తాగితే పడిపోతుంది’ అన్న సలహా మాత్రం మీకు అంతగా వర్తించదు. మామూలు కిడ్నీలోంచి దిగిపోయే సైజు రాయి కూడా పైన అతుక్కున్న, వంకర తిరిగిన మూత్రనాళంలోకి చేరలేక లోపలే ఉండిపోవచ్చు.

మీ కిడ్నీకి ఏ పద్ధతి సరిపోతుందో తేల్చుకోండి

పద్ధతులు నాలుగు. మామూలు కిడ్నీలో అయితే సైజు చూసి దాదాపు తేలిపోతుంది: చిన్నదైతే షాక్ వేవ్, ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల దాకా మూత్రనాళం గుండా లేజర్, 2 సెంటీమీటర్లు దాటితే వీపులోంచి. మీకు ఈ లెక్క మొదటి అడుగు మాత్రమే.

షాక్ వేవ్ పద్ధతిని ఈఎస్‌డబ్ల్యూఎల్ అంటారు. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి మనుషుల మీద వాడారు. కోత లేదు, బెడ్ మీద పడుకుంటే బయటినుంచే తరంగాలు రాయిని పగలగొడతాయి. వినడానికి ఇంతకంటే హాయి లేదు, అందుకే చాలామంది దీన్నే అడుగుతారు. కానీ ముక్కలు తమంతట తామే దిగాలి. హార్స్‌షూ కిడ్నీలో పగలడం పగులుతాయి, దిగడమే కష్టం. ముఖ్యంగా కింది గదుల్లో ఉన్నవి అక్కడే ఉండిపోతాయి. పెల్విక్ కిడ్నీకి వెనకవైపు కటి ఎముక, ముందువైపు పేగుల్లోని గాలి తరంగాలకి అడ్డొస్తాయి. కొన్నిసార్లు బోర్లా పడుకోబెట్టి ముందువైపు నుంచి ఇస్తారు. రాయి చిన్నది, మెత్తనిది, మూత్రం బాగా దిగుతున్న కిడ్నీ అయితే ప్రయత్నించవచ్చు. గర్భవతులకి, రక్తం గడ్డకట్టడంలో సమస్య ఉన్నవాళ్ళకి, అదుపులో లేని ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, రాయి కింద అడ్డంకి ఉన్నప్పుడు ఇది చేయరు.

మూత్రనాళం గుండా లేజర్ పంపే పద్ధతి ఆర్‌ఐఆర్‌ఎస్. ఇందులో కోత ఉండదు. మూడు మిల్లీమీటర్ల లోపు మందం ఉన్న, కొన ఎటైనా వంగే స్కోప్‌ని మూత్రద్వారం నుంచి మూత్రాశయంలోకి, అక్కడినుంచి మూత్రనాళం ద్వారా కిడ్నీలోకి తీసుకెళ్ళి లేజర్‌తో రాయిని పొడి చేస్తారు. ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు రాళ్ళున్న హార్స్‌షూ, పెల్విక్ కిడ్నీలకి ఇప్పుడు చాలాచోట్ల దీనివైపే మొగ్గు చూపుతున్నారు. రక్తస్రావం తక్కువ, రక్తనాళాలు ఎక్కడున్నా పెద్దగా సంబంధం లేదు. ఇబ్బంది వంపుల దగ్గర వస్తుంది. పైన అతుక్కున్న మూత్రనాళంలోంచి కింది గదికి వెళ్ళాలంటే స్కోప్ బాగా మెడ వంచాలి, అంత వంచితే లేజర్ తీగ లోపల విరిగే ప్రమాదం. అందుకే అనుభవం ఉన్న సర్జన్ రాయిని సన్నటి తీగ బుట్టతో పట్టి, పైగదిలోకి తెచ్చి అక్కడ పగలగొడతారు. పెల్విక్ కిడ్నీలో మూత్రనాళం పొట్టిగా, మెలికలు తిరిగి ఉంటుంది. స్కోప్ సులువుగా వెళ్ళడానికి పెట్టే యాక్సెస్ షీత్ కొందరిలో అసలు ఎక్కదు. మొదటిసారి దారి ఇరుకుగా ఉంటే స్టెంట్ వేసి, ఒకటి రెండు వారాలాగి మళ్ళీ రమ్మంటారు. అది ఫెయిల్యూర్ అనుకోకండి, బలవంతంగా తోసి మూత్రనాళాన్ని చింపడం కంటే వెయ్యిరెట్లు నయం.

పెద్ద రాళ్ళకి పీసీఎన్‌ఎల్. 1976లో స్వీడన్‌లో మొదలైన పద్ధతి. వీపులో చిన్న గాటు పెట్టి, నేరుగా కిడ్నీలోకి దారి చేసి, రాయిని పగలగొట్టి తీసేస్తారు. ఆ దారి వెడల్పు మామూలు పీసీఎన్‌ఎల్‌లో 8 నుంచి 10 మిల్లీమీటర్లు, మినీ పద్ధతిలో 5, 6 మిల్లీమీటర్లు. సన్నని దారి అంటే రక్తస్రావం తక్కువ, కానీ పెద్ద రాయికి టైమ్ ఎక్కువ పడుతుంది. ‘మినీ’ అన్న మాట వినగానే అదే మేలని తేల్చేసుకోవద్దు. ముక్కలు తామంతట తాము దిగాల్సిన పని లేదన్నదే ఈ పద్ధతి బలం. అందుకే 2 సెంటీమీటర్లు దాటిన రాయి ఉన్న హార్స్‌షూ కిడ్నీకి ఇదే ముందు వరసలో ఉంటుంది.

పెల్విక్ కిడ్నీకి వెనక ఎముక, ముందు పేగులు. గుడ్డిగా సూది గుచ్చడానికి వీల్లేదు. అందుకే బొడ్డు దగ్గర లాపరోస్కోప్ పెట్టి, పేగుల్ని పక్కకి జరిపి, కిడ్నీని కళ్ళతో చూస్తూ సూది గుచ్చే పద్ధతి 1985లోనే వచ్చింది. కొన్నిచోట్ల అల్ట్రాసౌండ్ చూస్తూ చేస్తారు. రాయి ఒక్కటే, పెద్దది, సంచిలోనే ఉంటే ఇంకో మార్గం ఉంది: లాపరోస్కోపీతోనో, రోబో సాయంతోనో సంచిని కాస్త తెరిచి, రాయిని తీసేసి, కుట్టేయడం. దీన్ని పైలోలిథాటమీ అంటారు. కిడ్నీ కండలోంచి రంధ్రం చేయాల్సిన పని ఉండదు. జంక్షన్ ఇరుకుగా ఉంటే అదే ఆపరేషన్‌లో పైలోప్లాస్టీ చేసి సరిచేస్తారు. అడ్డంకి, రాయి రెండూ ఉన్నవాళ్ళకి ఏ ఆకారం కిడ్నీ అయినా దీన్ని తప్పక పరిశీలించమని అడగండి. హార్స్‌షూ అతుకుని కోసి విడదీయడం మాత్రం ఇప్పుడు మామూలుగా చేయరు, అవసరం కూడా ఉండదు.

డూప్లెక్స్‌లో రాయి ఏ సగంలో ఉంది, మూత్రాశయంలోకి ఒక ద్వారం తెరుచుకుంటోందా రెండా అన్నది తేలితే సగం పని అయినట్టే. రెండుంటే, పై సగం నుంచి వచ్చే నాళం మూత్రాశయంలో కింద తెరుచుకోవడం రివాజు, స్కోప్ తప్పుదారి పట్టే చోటు ఇదే. క్రాస్‌డ్ ఫ్యూజ్‌డ్ కిడ్నీల్లో ఏ ఇద్దరివీ ఒకలా ఉండవు. త్రీడీ సీటీ చూసి విడిగా ప్లాన్ వేయాల్సిందే.

సర్జన్‌ని ఇవి అడగండి

మొహమాటపడొద్దు. ‘ఇలాంటి కిడ్నీకి మీరు ఇంతకుముందు చేశారా?’ అని నేరుగా అడగండి. అనుభవం ఉన్న డాక్టర్ ఈ ప్రశ్నకి నొచ్చుకోరు. నా సీటీలో పేగు, రక్తనాళాలు ఎక్కడున్నాయో ఒకసారి స్క్రీన్ మీద చూపిస్తారా అనండి. బొమ్మ చూపిస్తూ ‘ఇక్కడినుంచి వెళ్తాను, ఇది దొరక్కపోతే ఇలా మారుస్తాను’ అని చెప్పగలిగితే మీకు సగం టెన్షన్ పోతుంది. ఒకే సిట్టింగ్‌లో అంతా వస్తుందా, రెండోసారి అవసరం పడొచ్చా? వంగే నెఫ్రోస్కోప్ (వీపు దారిలోంచి కిడ్నీ లోపల చూసే స్కోప్), పొడుగాటి పరికరాలు థియేటర్‌లో ఉన్నాయా? రక్తస్రావం ఆగకపోతే ఎంబొలైజేషన్ (రక్తం కారే నాళాన్ని లోపలినుంచే మూసేయడం) చేసే సౌకర్యం అక్కడే ఉందా, ఇంకోచోటికి పంపుతారా? ఈ ఆఖరి ప్రశ్న ఎవరూ అడగరు, నేనైతే మొదట అదే అడుగుతాను.

ఆపరేషన్‌కి ముందు

యూరిన్ కల్చర్ తప్పనిసరి. మామూలు యూరిన్ టెస్ట్ సరిపోదు. క్రిములు పెరిగితే వాటికి సరిపడే యాంటీబయాటిక్ కోర్సు వాడాకే థియేటర్‌కి వెళ్ళాలి. ఆపరేషన్‌లో లోపల నీళ్ళు ఒత్తిడితో పారుతుంటాయి, ఇన్ఫెక్షన్ ఉంటే ఆ ఒత్తిడికి అది రక్తంలోకి వెళ్తుంది. మూత్రం సరిగ్గా దిగని కిడ్నీల్లో ఈ భయం ఇంకా ఎక్కువ. డేట్ వాయిదా పడిందని బాధపడకండి.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, రక్తం పలచబడే ఇతర మందులు వాడుతుంటే చెప్పండి. ఎప్పుడు ఆపాలి, అసలు ఆపొచ్చా అన్నది గుండె డాక్టర్, యూరాలజిస్ట్ ఇద్దరూ కలిసి చెప్పాలి. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్ళు సొంతంగా ఆపేయడం ప్రమాదం. రక్తం పలచబడేలా చేసే ఆయుర్వేద, మూలికా మందులు, చేపనూనె మాత్రలు ఉంటే అవీ చెప్పండి. నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీ పనితీరు తక్కువున్నవాళ్ళకి పడవు, కిడ్నీ ఒక్కటే ఉన్నవాళ్ళు అడగకుండా వేసుకోకూడదు.

ఆరోజు లోపల ఏం జరుగుతుంది

హార్స్‌షూ కిడ్నీకి పీసీఎన్‌ఎల్ ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చెబుతాను, ఎందుకంటే మామూలు కిడ్నీకి దీనికీ ఉన్న తేడా ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది.

ఎక్కువగా పూర్తి మత్తు ఇస్తారు. ముందు మూత్రద్వారం నుంచి సన్నటి గొట్టాన్ని కిడ్నీ దాకా పంపుతారు. తర్వాత మిమ్మల్ని బోర్లా తిప్పి, ఛాతీ కింద, తుంటి కింద దిండ్లు పెడతారు. గొట్టంలోంచి రంగు ఎక్కిస్తే, ఎక్స్‌రే తెర మీద లోపలి గదుల ఆకారం నల్లగా తేలుతుంది. మామూలు కిడ్నీలో గదులు పక్కకి చూస్తుంటాయి. ఇక్కడ వీపువైపు, వెన్నెముకవైపు తిరిగి ఉంటాయి. అందుకే సర్జన్ సూదిని మామూలు కంటే వెన్నెముకకి దగ్గరగా పెట్టి పైగదిలోకి గుచ్చుతారు. మామూలు కిడ్నీలో పైగదిని అందుకోవాలంటే చాలాసార్లు పక్కటెముకల పైనుంచి వెళ్ళాలి, ఊపిరితిత్తి పొరకి తగిలే భయం ఉంటుంది. మీ కిడ్నీ కిందే ఉంది కాబట్టి ఎముకల కిందినుంచే అందుతుంది. రక్తనాళాల్లో ఎక్కువ భాగం ముందువైపు నుంచి వస్తాయి కాబట్టి వెనకనుంచి గుచ్చడం కొంత సురక్షితం. ఆకారం తేడా వల్ల కలిసొచ్చే విషయాలు కూడా ఉన్నాయన్నమాట.

సూది లోపలి పుల్లని తీయగానే ఒక్క చుక్క మూత్రం జారితే దారి దొరికినట్టే. ఆ చుక్క కోసం థియేటర్‌లో అందరూ చూస్తారు. తర్వాత దాంట్లోంచి మెత్తటి తీగ, తీగ మీదుగా దారిని కొద్దికొద్దిగా పెద్దది చేసే గొట్టాలు, ఆఖరున పనిచేసే గొట్టం. కిడ్నీ లోతుగా ఉండటం వల్ల ఈ దారి పొడుగు ఎక్కువ, అందుకే పొడుగాటి నెఫ్రోస్కోప్ కావాలి. లావుగా ఉన్నవాళ్ళలో ఇది ఇంకా అవసరం. రాయి లేజర్‌తోనో, గాలి ఒత్తిడి యంత్రంతోనో పగులుతుంది, ముక్కలు నీళ్ళతో పాటు బయటికి వస్తాయి. అతుకు పక్కన మూలగా ఉన్న గదిలోకి నిటారు స్కోప్ తిరగదు, అక్కడికి వంగే స్కోప్ పంపి వెతుకుతారు. మిగిలిన ముక్కలు ఎక్కువగా దొరికేది ఆ మూలలోనే. చివర మూత్రనాళంలో డీజే స్టెంట్, కొన్నిసార్లు వీపులోంచి మూత్రం బయటికి పోవడానికి నెఫ్రోస్టమీ ట్యూబ్ పెడతారు.

తర్వాత రోజులు

ట్యూబ్ సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తీసేస్తారు. తీసిన చోట ఒక రోజు తడి కారడం మామూలే. మూత్రం గులాబీ రంగులో రావడమూ మామూలే.

స్టెంట్ మాత్రం చికాకు పెడుతుంది. మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, మూత్రం పోస్తుంటే నడుంలోకో, పెల్విక్ కిడ్నీ అయితే పొత్తికడుపులోకో లాగడం, ఎక్కువ నడిస్తే మూత్రంలో రక్తం. టామ్సులోసిన్ లాంటి మందులతో చాలామందికి తగ్గుతుంది. ఎన్ని వారాల్లో తీయాలో డిశ్చార్జి కాగితం మీద రాయించుకుని, ఫోన్‌లో రిమైండర్ పెట్టండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా. నొప్పి తగ్గగానే స్టెంట్ సంగతి మర్చిపోయేవాళ్ళు ఎక్కువ. నెలల తరబడి వదిలేస్తే దాని చుట్టూ రాయి కట్టి, తీయడమే ఇంకో పెద్ద ఆపరేషన్ అవుతుంది. వంకర తిరిగిన మూత్రనాళంలో ఆ పని ఇంకా నరకం.

రెండు నుంచి నాలుగు వారాలు బరువులు ఎత్తకండి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, చలి వణుకు వచ్చినా, మూత్రం ఆగిపోయినా, కడుపు ఉబ్బి గట్టిపడినా ఫోన్లు చేస్తూ కాలయాపన చేయకండి, ఎమర్జెన్సీకి వెళ్ళండి. ఇంకో విషయం చాలామందికి చెప్పరు. పీసీఎన్‌ఎల్ తర్వాత అంతా బాగుందనుకున్నాక, వారం నుంచి మూడు వారాల మధ్యలో హఠాత్తుగా గడ్డలతో ఎర్రటి రక్తం రావచ్చు. లోపల ధమని గోడ బలహీనపడి ఉబ్బడం వల్ల ఇలా అవుతుంది. అరుదే, కానీ ఇలా అయితే పడుకుని చూద్దాం అనుకోకూడదు. గజ్జల్లోని రక్తనాళం గుండా వెళ్ళి ఆ ఒక్క చోటు మూసేస్తే సరిపోతుంది.

రాయి ముక్కని ల్యాబ్‌కి పంపించండి

బయటికి వచ్చిన రాయిని డబ్బాలో వేసి బంధువులకి చూపించడం కాదు, అనాలిసిస్‌కి పంపమనండి. కాల్షియం ఆక్సలేటా, యూరిక్ యాసిడా, ఇన్ఫెక్షన్ రాయా అన్నదాన్ని బట్టి తర్వాత వాడే మందు మారిపోతుంది. స్టెంట్ తీసి, మామూలు తిండికి వచ్చాక 24 గంటల యూరిన్ పరీక్ష చేయించుకోండి. కొన్ని వారాలకి తక్కువ రేడియేషన్ సీటీతో ముక్కలేమైనా మిగిలాయేమో చూస్తారు. 4 మిల్లీమీటర్ల లోపు ముక్కల్ని ‘పర్లేదు’ అని వదిలేయడం ఒకప్పటి మాట. మూత్రం నిలిచే కిడ్నీలో అవి పెరుగుతాయి, కాబట్టి కనిపెట్టుకుని ఉండాలి.

రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్ళు తాగండి. తాగిన నీళ్ళు కాదు, వచ్చిన మూత్రం లెక్క. ఉప్పు తగ్గించండి, మాంసం మితంగా. పాలు, పెరుగు మానేయొద్దు. తిండిలోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ని పట్టేస్తుంది, అది మానేస్తే రాళ్ళు పెరగవచ్చు. సిట్రేట్ తక్కువని తేలితే డాక్టర్ పొటాషియం సిట్రేట్ రాస్తారు, కిడ్నీ పనితీరు, రక్తంలో పొటాషియం చూసుకుంటూ వాడాలి.

సీటీ సీడీని, ఆపరేషన్ నోట్స్‌ని పడేయకండి, ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. రాయితో సంబంధం లేని ఆపరేషన్లకి కూడా ఇవి పనికొస్తాయి. హార్స్‌షూ అతుకు శరీరంలోని అతి పెద్ద ధమని ముందే ఉంటుంది. దాని మీద గానీ పెద్దపేగు మీద గానీ ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే సర్జన్‌కి ఇది ముందే తెలియాలి. పెల్విక్ కిడ్నీ ఉన్న ఆడవాళ్ళలో కొందరికి గర్భాశయం ఆకారంలో కూడా తేడా ఉంటుంది కాబట్టి గైనకాలజిస్ట్‌కీ చూపించండి. పొత్తికడుపులో చేతికి తగిలే ఆ ‘గడ్డ’ కిడ్నీయేనని తెలియక కంతి అనుకుని కడుపు తెరిచిన సందర్భాలు వైద్యంలో ఉన్నాయి. కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ, వాళ్ళు అడగకపోయినా, మీ కిడ్నీ ఎక్కడుందో మీరే ముందు చెప్పండి.